ట్రాన్స్‌ఫార్మర్ పక్క రాతిబల్లలు

ఆదినారాయణప్ప కుడిచేయి గ్రైండరు మీద, ఎడమచేయి నీళ్లగొట్టం మీద ఉన్నాయి. తిరుగుతున్న బిళ్ల కింద నల్లరాయి బురదై కారుతోంది. కడిగినప్పుడల్లా ఇంకాస్త నల్లబడుతోంది. గొట్టం కింద పెట్టి, అరచేయి లుంగీకి తుడుచుకుని, రాతి అంచు వెంబడి నిదానంగా పోనిచ్చాడు. ఒకచోట చిటికెనవేలికి ఆవగింజంత ఏదో తగిలింది. కంటికైతే అక్కడ ఏమీ లేదు. బిళ్ల మార్చి మళ్లీ మొదలుపెట్టాడు.

బెంగుళూరు శివారు జిగణి రాతి ఫ్యాక్టరీల్లో పాలిష్ కుదిరిందో లేదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. షెడ్డులో వేలాడే ట్యూబ్‌లైటు రాతిలో కనబడాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా వంకరపోకుండా, చెదరకుండా కనబడాలి. లైటు వంగితే రాయి వంగినట్టు. లైటు మసకగా ఉంటే పనివాడు బద్ధకించినట్టు. ఆ షెడ్ల కిందే పని నేర్చినవాడు ఆదినారాయణప్ప. ఇక్కడ రోడ్డు పక్కన ట్యూబ్‌లైటు లేదు కాబట్టి పైన పోతున్న కరెంటు తీగల్ని రాతిలో చూసుకున్నాడు. తీగలు తీగల్లాగే ఉన్నాయి. గ్రైండరు ఆపాడు.

ఆ చోటు బెంగుళూరులోనే, మహదేవపురలో రెండు లేఅవుట్ రోడ్లు కలిసే దగ్గర మిగిలిపోయిన ముక్కోణపు జాగా. ఒక పక్క కంచె వేసిన ట్రాన్స్‌ఫార్మర్. ఇంకో పక్క వాననీటి కాలువ, దానికి నడుమెత్తు గోడ, గోడను ఆనుకుని ఒక కానుగ చెట్టు. మూడో పక్క రోడ్డు. రోడ్డు దాటితే టెక్ పార్కు వెనక గేటు. నిన్నమొన్నటి దాకా ఆ చుట్టుపక్కల చెత్తంతా అక్కడే పడేది. లేఅవుట్ అసోసియేషన్ వాళ్లు కార్పొరేషన్‌ను అడిగి శుభ్రం చేయించి, జనం కాసేపు కూర్చునే చోటుగా మార్చాలనుకున్నారు. నక్షా గీసింది గీతాంజలి. ఏలూరు అమ్మాయి, ఆర్కిటెక్చర్ చదివి ఇందిరానగర్‌లో చిన్న ఆఫీసు నడుపుకుంటోంది. ఆ నక్షాలో చెట్టునీ గోడనీ వదిలేసి, జాగా నడిమధ్యలో, రోడ్డుకు ఎదురుగా మూడు రాతిబల్లలు ఒకే వరసలో ఉన్నాయి.

సాయంత్రం ఆమె వచ్చి బల్లల్ని చూసి ఆగిపోయింది.

"ఆదినారాయణప్పగారూ, పైభాగం గరుకుగా వదలమన్నాను కదండీ."

"గరుగ్గా వదిలేదానికి పనోడెందుకు మేడమ్? గనిలో నుంచి వచ్చేదే గరుగ్గా వస్తాది. ఇట్లొచ్చి సూడండి, మొగం కనపడతాండాది."

"మొహం చూసుకోడానికి కాదండీ, కూర్చోడానికి."

"కూసునేదానికి నున్నగుంటే తప్పా?"

ఆమె ఇంకేదో అనబోయేలోగా అసోసియేషన్ సెక్రటరీ హేమంత్‌కుమార్ స్కూటరు దిగాడు. హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ మేనేజరు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, ఫోను తీసి ఫోటో కొట్టాడు.

"సూపర్ మేస్త్రీగారూ! హోటల్ లాబీలా ఉంది. గీతాంజలిగారూ, ప్లీజ్, దీన్ని మాత్రం మార్చకండి."

గీతాంజలి నక్షా మడిచి సంచిలో పెట్టుకుంది. ఆమెకు ఆ అసోసియేషన్‌తో తేల్చుకోవలసిన సంగతులు ఇంకా చాలా ఉన్నాయి. అందులో పెద్దదాన్ని హేమంత్‌కుమారే బయటపెట్టాడు.

"మీ ఇద్దరికీ ముందే చెప్పడం మంచిది. మా మెంబర్స్‌లో సగం మంది ఇక్కడ టూవీలర్ పార్కింగ్ కావాలంటున్నారు. ట్రయల్ చూద్దామని నేనే ఆపాను. జూన్‌లో జనరల్ బాడీ మీటింగ్ ఉంది. అప్పటికి జనం కూర్చుంటూ ఉంటే ఉంటుంది. లేదంటే బెంచీలు లేపేసి తారు పోసేస్తారు. నేనేం చెయ్యలేను."

"కూసోకేం సార్? బల్లుంటే కూసుంటారు," అన్నాడు ఆదినారాయణప్ప.

ఆ మాట ధీమాగానే అన్నాడు. కానీ ఆనేకల్‌లోని ఇంటికి మోపెడ్ మీద పోతున్నంతసేపూ లేపేయడం అన్న మాటే చెవిలో ఆడింది.

అతని తండ్రి తాడిపత్రి నుంచి నల్లబండల లారీల మీద కూలీగా వచ్చి బెంగుళూరులో దిగిపోయాడు. బండలు దించే చోటే ఆదినారాయణప్ప ఆడుకున్నాడు, అక్కడే పనిలో పడ్డాడు. మొదట పాలిష్ మిషనుకు నీళ్లు పోశాడు. తర్వాత బురద ఎత్తాడు. తర్వాత, మిషను మనిషి రాని ఒకనాడు, ఎవరూ చెప్పకుండానే మిషను పట్టుకున్నాడు. నేర్పినవాళ్లు లేరు. పక్కవాడి చేతుల్ని చూస్తూ, రాతిని పాడుచేసి తిట్లు తింటూ నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఈ ఊళ్లో ఎన్ని వంటింటి గట్లు, ఎన్ని మెట్లు, ఎన్ని దేవుడిగదుల గడపలు అతని చేతిమీదుగా పోయాయో లెక్కలేదు. గృహప్రవేశానికి ముందురోజు కడిగి అప్పగించి బయటికొస్తే, మళ్లీ ఆ ఇంట్లోకి పోయే పని ఉండదు. పైగా ఏ పనికైనా పైన ఒక మేస్త్రీ ఉండేవాడు, పేరు ఆయనది. గీతాంజలి మిగులు రాళ్లు వెదుక్కుంటూ ఫ్యాక్టరీకి వచ్చి, ఇతను తీసిన అంచు చూసి, నేరుగా ఇతన్నే పిలిచింది. పైన ఎవరూ లేకుండా, వీధిలో, నలుగురూ చూసేచోట చేసిన పని ఇదొక్కటే. దీని మీద తారు పడితే ఇలాంటిది మళ్లీ రాదని అతనికి తెలుసు.

ఉగాది మర్నాడు రిబ్బను కత్తిరించారు. అసోసియేషన్ పెద్దలు బల్లల మీద వరసగా కూర్చుని ఫోటో దిగారు. ఫోటో అయ్యాక లేచి వెళ్లిపోయారు.

ఆ లేఅవుట్‌లోనే, రెండు వీధుల అవతల, ఆదినారాయణప్పకు ఒక ఇంటి మెట్ల పని దొరికింది. మధ్యాహ్నం అన్నం క్యారియరు పట్టుకుని ముక్కోణం దగ్గరికి వచ్చేవాడు. తన బల్లల మీద జనాన్ని చూద్దామని వచ్చేవాడు. మొదటిరోజు ఎవరూ లేరు. ఎండ ఎక్కువుంది, సాయంత్రం వస్తారులే అనుకున్నాడు. సాయంత్రం ఒక కుక్క బల్ల కింద పడుకుని ఉంది. వారం గడిచినా అంతే. కొరియరు కుర్రాళ్లు బండి ఆపి, బండి మీదే కూర్చుని ఫోను చూసుకునేవాళ్లు. ఒకాయన సంచి బల్ల మీద పెట్టి, తను పక్కన నిలబడ్డాడు.

జనం అసలు రాకపోయి ఉంటే అది వేరే సంగతి. జనం వస్తున్నారు. టెక్ పార్కులో ఊడ్చి తుడిచే ఆడవాళ్లు షిఫ్టు మారేటప్పుడు గేటు దాటి ఇటే వచ్చేవాళ్లు. టీ అమ్మే రియాజ్, డబ్బా కట్టుకున్న మోపెడ్‌ను కాలువ గోడ పక్కన ఆపేవాడు. ఆ ఆడవాళ్లంతా మెరుస్తున్న బల్లల పక్కనుంచి నడిచిపోయి, గోడ కింద, కానుగ నీడలో కుప్పగా పడి ఉన్న కోత ముక్కల మీద కూర్చునేవాళ్లు. ఆదినారాయణప్ప కోసి పారేసిన ముక్కలవి. ట్రాక్టరు దొరకక ఎత్తించలేదు. పొట్టివీ పొడుగువీ, వంకరవీ, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటి మీద ఒకరు ఇటు, ఒకరు అటు తిరిగి, మోకాళ్లు మోకాళ్లకు తగిలేలా కూర్చుని టీ తాగుతూ నవ్వుకునేవాళ్లు.

మొదట అతనికి కోపం వచ్చింది. వీళ్లకు కూర్చోవడం కూడా రాదనుకున్నాడు. ఒకరోజు ఆపుకోలేక వాళ్ల దగ్గరికే వెళ్లాడు.

"ఏమమ్మా, అంత సక్కగ బల్లలుండాయి గదా. ఈ రాళ్ల కుప్ప మీద కూసునే ఖర్మేంది మీకు?"

వాళ్లలో రేణుక అనే ఆమె పాలమూరు వైపు మనిషి. నోరున్న మనిషి కూడా. టీ కప్పు దించకుండానే అంది:

"అది బల్లనా అన్నా? రొట్టెలు కాల్చే పెంకనుకున్న. మొన్న కూసున్న, చీర కాలి ఒంటికంటుకున్నది."

మిగతావాళ్లు నవ్వారు.

"ఎండప్పుడు సరే, సాయంత్రమో?"

"సాయంత్రం గూడ సలసలే ఉంటది. మొన్న వాన పడ్డనాడు జూస్తివా? వాన నిల్చినంక గూడ నీళ్లు దాని మీదనే ఉన్నయి, పళ్లెంల పోసినట్టు. తుడిచి కూసుంటే జారుతున్నది. నాకైతే కాళ్లు గూడ అందుతలేవు."

పక్కనున్న ఇంకో ఆమె సన్నగా అంది: "అట్ల మెరిసేటివి లోపల ఆఫీసులల్ల ఉంటయి. పొద్దుగాలంత అవే తుడుస్తం. ఈడ గూడ మెరిస్తే, కూసుంటే ఎవలన్న లేపుతరేమో అన్పిస్తది."

రియాజ్ కప్పు అందిస్తూ, "తాగన్నా, ఊరికే. నీ బల్లల మింద కోపం టీ మింద సూపద్దు," అన్నాడు. అతను కదిరి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల పిల్లవాడు, కన్నడమూ తెలుగూ ఉర్దూ ఒకే గుక్కలో మాట్లాడతాడు.

ఆదినారాయణప్ప టీ తాగుతూ, తెలియకుండానే కుప్పలోని ఒక ముక్క మీద కూర్చున్నాడు. కూర్చున్నాక తెలిసింది. వెనక గోడ ఉంది, కాబట్టి వీపు వైపు ఏ బండీ రాదు. ఎదురుగా రోడ్డంతా కనబడుతుంది, గేటు కనబడుతుంది, ఈ ఆడవాళ్లను తీసుకుపోయే వ్యాను ఎక్కడినుంచి వచ్చినా కనబడుతుంది. రాయి చల్లగా ఉంది. ఇక్కడినుంచి చూస్తే నడిమధ్యనున్న తన మూడు బల్లలు పెళ్లివారింట్లో అతిథులకోసం వేసి, ఎవరూ రాని కుర్చీల్లా ఉన్నాయి.

టీ అయ్యాక బల్లల దగ్గరికి వెళ్లి రసమట్టం పెట్టి చూశాడు. బుడగ నడిమధ్య నిలిచింది. వంటింటి గట్టుకైతే అదే పని. ఒక వెంట్రుకవాసి వాలినా ఇంటావిడ ఒప్పుకోదు. ఆ అలవాటుతోనే దీన్నీ పెట్టాడు. వాన పడే చోట నీళ్లు ఎటు పోవాలో ఆలోచించలేదు. నలుపు ఎండను పట్టుకుంటుందనీ ఆలోచించలేదు. తీగలు వంకరపోకుండా కనబడుతున్నాయా అని మాత్రం చూసుకున్నాడు. మేస్త్రీ ఎవరైనా ఉండి ఉంటే ఆయన మీద తోసేయవచ్చు. ఇక్కడ ఎవరూ లేరు.

మర్నాడు గీతాంజలికి ఫోను చేశాడు.

"మేడమ్, ఒకసారి మద్దేనం పూట రాండి. బల్లల దగ్గరికి కాదు. కాలువ గోడ దగ్గరికి."

ఆమె వచ్చింది. ఇద్దరూ రాళ్ల కుప్ప మీద, రియాజ్ టీ కప్పులు పట్టుకుని, చాలాసేపు రోడ్డును చూశారు. నీడ ఎంతవరకూ పోతోందో ఆమె చెప్పుతో మట్టిలో గీత గీసింది. ఇంకాసేపటికి నీడ జరిగింది. ఇంకో గీత గీసింది. బల్లలున్న చోటు దాకా ఏ గీతా పోలేదు.

"మీరు గరుగ్గా వదలమన్న్యారు. నేనే ఇనలేదు," అన్నాడు అతను.

"గరుగ్గా వదిలినా ఎవరూ కూర్చునేవారు కాదు," అంది ఆమె. "నేను వాటిని పెట్టిన చోటే తప్పు. పైనుంచి చూస్తే వరస అందంగా ఉంది. పైనుంచి ఎవరు చూస్తారండీ, ట్రాన్స్‌ఫార్మర్ మీది కాకులు తప్ప?"

అతను నవ్వాడు. "అట్లయితే ఇద్దరిదీ సగం సగం."

"చెట్టు కిందికి జరుపుదాం. వరస వద్దు. రెండిటినీ ఎదురెదురుగా కాదు, మూల కలిసేలా పెడదాం. మూడోది కొంచెం ఎడంగా, ట్రాన్స్‌ఫార్మర్ కంచె వైపు. ఒకరి మొహం ఒకరికి కనబడాలి, రోడ్డూ కనబడాలి."

"ఎత్తూ ఒకటే వద్దు మేడమ్. ఆ రేణుకమ్మకు కాళ్లు అందల్యా."

ఆ పూటే రేణుకను పిలిచి, ముక్కల మీద ముక్కలు పేర్చి కూర్చోబెట్టాడు. ఒక ముక్క తీసి మళ్లీ కూర్చోమన్నాడు. ఆమె కూర్చునీ లేచీ విసిగిపోయింది.

"ఏందన్నా, పెండ్లిపిల్లను జూసినట్టు నిలవెడ్తవ్, కూసోవెడ్తవ్!"

"కాళ్లు నేలకాన్నాయా?"

"ఆనినయి."

"మోకాలు పైకి లేసిందా?"

"లేవలె. ఇగ కట్నం ముచ్చట మాట్లాడుదమా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. అతను నవ్వకుండా ఆ ఎత్తుకు గోడ మీద సుద్దగీత పెట్టాడు. ఆ తర్వాత గీతాంజలిని కూర్చోబెట్టి ఇంకో గీత, పొడగరి సెక్యూరిటీ మనిషిని పిలిచి ఇంకో గీత.

హేమంత్‌కుమార్‌ను ఒప్పించడం కష్టమవుతుందనుకున్నారు. విషయం చెప్పాక అతను కాసేపు బల్లల వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పాలంటే, పోయిన ఆదివారం పాపని తీసుకొచ్చి కూర్చోబోయాను. నాకూ కాలింది. ఎవరికీ చెప్పలేదు."

"చెప్తే బాగుండేది కదండీ," అంది గీతాంజలి.

"ఫోటోకి అన్ని లైకులొచ్చాక ఎలా చెప్పమంటారు? సరే, మార్చండి. కానీ మీటింగ్ దగ్గర పడింది. ఇంకో మాట, ఆ టీ అతన్ని మాత్రం పంపించెయ్యాలి. మెంబర్స్ ఊరుకోరు. కప్పులు, ఈగలు, అదంతా గొడవ."

అప్పటిదాకా మోపెడ్ దగ్గర నిలబడి వింటున్న రియాజ్ దగ్గరికి వచ్చాడు. "సార్, కప్పులు నేనే ఎత్తుకోని పోతా. పొద్దున ఊడ్చేది గూడా నేనే. ఒక్క కప్పు కింద కనపడితే ఆ దినమే నా బండి ఎత్తేస్తా."

"అతను పోతే వీళ్లూ పోతారండీ," అంది గీతాంజలి ఆడవాళ్ల వైపు చూపిస్తూ. "అప్పుడు మీటింగ్‌లో మీరేం చూపిస్తారు?"

హేమంత్‌కుమార్ తల గోక్కున్నాడు. "మీటింగ్ దాకా ఉండనీండి. తర్వాత సంగతి వాళ్లు చూసుకుంటారు."

పని మొదలైంది. క్రేను దొరకలేదు. గొలుసు కప్పీ కట్టి, ఇద్దరు కూలీలతో బల్లల్ని ఒక్కొక్కటిగా లేపి చెట్టు కిందికి దొర్లించారు. తర్వాతి పని ఆదినారాయణప్ప ఒక్కడిదే. ముఖం మీద వరసలుగా పళ్లున్న సుత్తిని సంచిలోంచి తీశాడు. ఆ సుత్తితో కొడితే రాతి మీద నునుపు చిట్లి, చిన్న చిన్న గుంటలు పడి, నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది. కాలు జారదు, ఎండ అంత తాగదు. ఈ పని గనుల దగ్గర కొత్తగా చేరినవాళ్లకు ఇస్తారు.

బల్ల మీదికి వంగాడు. రాతిలో కానుగ ఆకులు ఒక్కొక్కటే విడివిడిగా కనబడుతున్నాయి. అతని మొహమూ కనబడుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో కాసేపు తేల్చుకోలేకపోయాడు. చివరికి మూలనుంచి మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకు ఆకులు చెదిరాయి. ఆ తర్వాత చేయి ఆగలేదు. దెబ్బ పక్కన దెబ్బ, ఒకే బరువుతో, ఒకే ఎడంతో పడాలి. ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన పడితే కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. గరుకులోనూ ఇంత పని ఉందని ఆ వయసులో తెలుసుకోవలసి వచ్చింది. అంచుల్ని మాత్రం నున్నగానే ఉంచాడు. మోకాలి వెనక తగిలేది అంచే.

రెండోరోజు అతని భార్య గంగమ్మ ఆనేకల్ నుంచి బస్సెక్కి వచ్చింది. అక్కడ పట్టుమగ్గాలకు కండెలు చుట్టడం ఆమె పని. ఆ వేళ మగ్గాలకు సెలవు. మొగుడు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినడం లేదని, ఏం చేస్తున్నాడో చూద్దామని రాగిసంకటి కట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, నెలంతా కూసోని మెరిపిస్తివి. ఇప్పుడు సుత్తి తీసుకోని కొడ్తాండావు. నీకేమన్నా గాలి సోకిందా?"

"మెరిపించినందుకే కొడ్తాండా."

"ఇంట్లో వంట బండ అట్లా మెరిపించమంటే పదేండ్లాయె, తీరలేదు. ఈడ మెరిపించి పాడుజేసేదానికి తీరిందా?"

"సంకటి తెస్తివా, తిట్టేదానికి వస్తివా?"

"రెండూ తెచ్చినా. ముందేది కావల్ల?"

అంటూనే ఆమె అప్పుడే పూర్తయిన బల్ల మీద కూర్చుని క్యారియరు విప్పింది. కొంగుతో తుడవలేదు. రాతి వంక చూడనైనా లేదు. కాళ్లు చాపుకుని, ఊరగాయ మూత తీస్తూ, ఎదురింటి మేడ మీద ఆరేసిన చీరల గురించి మాట్లాడసాగింది. ఆదినారాయణప్ప సుత్తి పక్కన పెట్టి ఆమె కూర్చున్న తీరునే చూశాడు.

"ఏందట్ల సూస్తాండావు? సంకటి సల్లారిపోతాది."

"ఏం లేదు, పెట్టు," అన్నాడు.

బల్లల్ని నిలబెట్టేటప్పుడు ఈసారి రసమట్టంలో బుడగను గీత దాటనిచ్చాడు. వెనక వైపుకు, కంటికి తెలియనంత వాలు. ఒక చెంబు నీళ్లు పోసి చూశాడు. నీళ్లు గోడ వైపుకు జారి, గోడ కింది కన్నంలోంచి కాలువలోకి పోయాయి. కుప్పలోని ముక్కల్లో మంచివి ఏరి, సుద్దగీతల ఎత్తుకు వచ్చేలా పునాది కట్టి, చెట్టు చుట్టూ అక్కడొకటి ఇక్కడొకటి పాతాడు. రియాజ్ టీ డబ్బా పెట్టుకోవడానికి గోడకు ఒక పలక బిగించాడు. అది నక్షాలో లేదు. గీతాంజలి చూసి నక్షాలో గీసుకుంది.

జూన్ వచ్చింది. మీటింగ్ పెట్టిన రోజున మెంబర్లంతా ముందు జాగా చూసి వెళ్దామని సాయంత్రం అక్కడికే వచ్చారు. హేమంత్‌కుమార్ కబురు చేయడంతో ఆదినారాయణప్ప, గీతాంజలి కూడా వచ్చి చెట్టు అవతల నిలబడ్డారు. షిఫ్టు వదిలే వేళ. రాళ్లన్నీ నిండి ఉన్నాయి. రేణుక వాళ్లున్నారు, కొరియరు కుర్రాళ్లున్నారు, మెళ్లో ఆఫీసు ట్యాగులు వేసుకున్న ఇద్దరమ్మాయిలు బజ్జీల పొట్లం నడుమ పెట్టుకుని ఉన్నారు.

రిటైరైన పెద్దమనిషి ఒకాయన చేతికర్ర ఎత్తి చూపించాడు. "ఇది మన లేఅవుట్ కోసం కట్టుకున్నామా, టెక్ పార్కులో చీపుర్లు పట్టేవాళ్ల కోసమా? మనవాళ్లెవరున్నారు ఇందులో?"

రేణుక లేవబోయింది. పక్కామె చేయి పట్టుకుని ఆపింది.

"నేనున్నాను అంకుల్," అన్న మాట గోడ వైపు నుంచి వచ్చింది. ఆ వీధిలోనే ఉండే జెస్సీ. ఒళ్లో పిల్లవాడి స్కూలు సంచి ఉంది. "మావాడి బస్సు ఇక్కడే ఆగుతుంది. ఇదివరకు చెత్త పక్కన ముక్కు మూసుకుని నిలబడేదాన్ని. ఇప్పుడు కూర్చుంటున్నాను. పోయినవారం నాకు కళ్లు తిరిగితే వ్యాను వదులుకుని నన్ను ఇంటిదాకా దింపింది ఈ రేణుకే."

"అది వేరే విషయమమ్మా. బండ్లు ఎక్కడ పెట్టుకోవాలి?"

"బండి కూర్చోడానికి చోటు కావాలి, మనిషికి వద్దా అంకుల్?"

మాటలు పెరిగాయి. కొందరు కన్నడంలో, కొందరు తెలుగులో, కొందరు ఇంగ్లీషులో వాదించుకుంటూ హాలుకు వెళ్లారు. చేతులెత్తి లెక్క చూసుకున్నారట. ఏకగ్రీవం ఏమీ కాలేదు. హేమంత్‌కుమార్ బయటికొచ్చి ఫలితం చెప్పాడు. కూర్చునే చోటు ఉంటుంది. అయితే ట్రాన్స్‌ఫార్మర్ కంచె పక్క జాగా కొంత బండ్లకు వదలాలి. రియాజ్ పొద్దున, సాయంత్రం మాత్రమే ఆగాలి.

"అంటే మూడో బల్ల జరగాల," అన్నాడు ఆదినారాయణప్ప. ట్రాన్స్‌ఫార్మర్ వైపుకు వెళ్లి అడుగులతో జాగా కొలవడం మొదలుపెట్టాడు.

"సారీ మేస్త్రీగారూ, అంతకంటే నావల్ల కాలేదు."

"ఉంటాదన్న్యారు గదా సార్, సాలు. జరిపేదెంత పని?"

గీతాంజలి కూడా వచ్చి పక్కన నిలబడింది. బల్లను గోడ వైపుకు తిప్పితే రోడ్డు కనబడదు. చెట్టు వైపుకు తిప్పితే నడవడానికి దారి ఉండదు. చివరికి రెండు బల్లల మధ్య కోణాన్ని కొంచెం మూసేలా, మూడోదాన్ని వాటిలో ఒకదాని కొసకు కలపాలని తేల్చుకున్నారు. మునుపటికంటే ఇరుకవుతుంది. అయితే పిల్లల సంచులు పెట్టుకోవడానికి మూల ఒకటి ఏర్పడుతుంది. అది ఎవరూ ముందు అనుకున్నది కాదు.

మర్నాడు పొద్దున్నే ఆదినారాయణప్ప కూలీలతో వచ్చి పాత పునాది తవ్వేసి, కొత్త పునాదిలో కాంక్రీటు పోసి, బల్ల దించాడు. గొలుసు విప్పి, వాలు చూసి, సందుల్లో సిమెంటు నింపి, తడిగుడ్డతో తుడిచాడు. మిగిలిన రాతిపొడి ఊడ్చి గోనెసంచికెత్తాడు. చుట్టూ నాలుగు ఇనుపకడ్డీలు పాతి తాడు కట్టాడు. అప్పటికే ఒక కొరియరు కుర్రాడు తాడు ఎత్తి లోపలికి రాబోతే కేక వేశాడు.

"ఓయ్ అప్పా, పచ్చిగుండాది! రేపు రా!"

హేమంత్‌కుమార్ ఆఫీసుకు పోతూ ఆగాడు. ఆదినారాయణప్ప అతన్ని ప్రతి రాయి దగ్గరికీ తీసుకెళ్లి, చేత్తో తాకి చూడమన్నాడు. చెప్పవలసినవి చెప్పాడు.

"కడిగేదానికి ఆసిడ్ పోయొద్దు సార్, ఉత్త నీళ్లు, కొబ్బరి పీచు సాలు. నూనె పడితే ముగ్గుపిండి చల్లి మర్నాడు తోసేయండి. మెరుపు లేదని ఎవరన్నా మిషను తెస్తే మాత్రం నాకు ఫోన్ చేయండి."

"మెరిపించనివ్వను లెండి."

"ఈ పలక టీ డబ్బాకు లెక్కేసి బిగించినా. దీని మింద ఎవరూ ఎక్కి నిలబడొద్దు. అంతే సార్. పని అయ్యింది. మీకు అప్పగిస్తాండా."

హేమంత్‌కుమార్ చేయి చాపాడు. ఆదినారాయణప్ప చేతికి సిమెంటు ఉంది. కడుక్కుని, తుడుచుకుని, చేయి కలిపాడు. సుత్తి, గ్రైండరు, రసమట్టం సంచిలో వేసి మోపెడ్ వెనక కట్టాడు. జిగణిలో ఎవరిదో మెట్ల రాయి మిషను మీద ఉంది, మధ్యాహ్నానికి అక్కడ ఉండాలి.

"తాడు రేప్పొద్దున దాకా ఉండనీండి," అన్నాడు బండి స్టార్టు చేస్తూ. "ఆమీద మీరే ఇప్పేయండి."